కుట్టు విప్పిన చోట

ముప్పై ఒక్క శీతాకాలాలు
ఈ నేలమాళిగలో ఉతికాను వాళ్ళ జెర్సీలు.
పైన సస్కాచెవాన్ గాలి
మైనస్ ముప్పై ఐదులో పళ్ళు నూరుతుంటే
ఇక్కడ డ్రయ్యర్ల ఉడుకు, తడి తోలు, పాత చెమట.
హాకీ వాసన ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే
మా ఆయన ముక్కు మూసుకుని
నన్ను చూపించేవాడు.

నా పేరు ఓలెనా హ్రిట్సాక్.
టీమ్ ఫోటోల్లో నేనుండను.
కానీ కెప్టెన్ గుండె మీది 'సి' అక్షరాన్ని
ఏప్రిల్‌లో విప్పేది నేనే,
సెప్టెంబర్‌లో ఇంకో అమ్మాయికి కుట్టేదీ నేనే.
నాకన్నా ముందునుంచీ అదే గుడ్డముక్క.
అంచులు పోగులు లేచాయి, ఒక మూల
ఎవరి పెదవి చిట్లిన రక్తమో, గోధుమరంగు చుక్క.
కొత్తది నాలుగు డాలర్లు.
కొననివ్వరు.

మా ఆచారాలు ఇలాంటివే.
గోలీ ముందు నడవాలి.
సొరంగం గుమ్మంలో ఛాతీ మీది బొమ్మను
చేతితొడుగుతో రెండుసార్లు తట్టాలి.
ఓడిన రాత్రి బస్సులో
ఊరి దీపాలు కనబడేదాకా ఎవరూ నోరు విప్పకూడదు.
ఎవరు పెట్టారో తెలీదు.
తప్పితే ఏమవుతుందో చూసినవాళ్ళూ లేరు.

ఆ బొమ్మ ఒక తల.
ఈకలు, వంకర ముక్కు, కోపం.
ఎవరి తలో నేనెప్పుడూ అడగలేదు.
మరక పడితే సబ్బు రాశాను, అంతే.

ఏడో నంబరు, కెండ్రా లాలిబర్టే.
ఆమె జెర్సీకి లోపలివైపు, సరిగ్గా ఆ తల వెనక,
తెల్ల హాకీ టేపు నాలుగు పట్టీలుండేవి.
జిగురు మెషిన్‌కి అంటుకునేది.
మూడేళ్ళు గొణుక్కుంటూ గోరుతో పీకాను.
బట్ట గుచ్చుకుంటుంది కాబోలు,
సుకుమారం, అనుకున్నాను.

పోయిన వేసవిలో పై ఆఫీసు నుంచి ఉత్తరం.
బొమ్మ తీసేయండి. పేరూ ఉండదు.
కొత్తది తేలేదాకా ఖాళీ ఛాతీతో ఆడతారు.
నలభై ఆరు జెర్సీలు, ఒక చిన్న కత్తి, నా కళ్ళద్దాలు.
మూడో రోజు కెండ్రా వచ్చి
అడక్కుండానే స్టూలు లాక్కుని కూర్చుంది.
కుట్టు విప్పడం కొకుమ్ నేర్పిందట.
కొకుమ్ అంటే క్రీ భాషలో అమ్మమ్మ.
నాలా పోగు తెంపదు, మెల్లగా లాగుతుంది,
గుడ్డకి తెలీకుండా.

టేపు సంగతి నేనే ఎత్తాను.
ఆమె తలెత్తలేదు.
"పైవైపు అందరి కోసం వేసుకున్నా.
ఆ ముఖం నా ఒంటికి మాత్రం తగలనివ్వలేదు."
"మరి తట్టేదానివిగా, రెండుసార్లు?"
"టేపుని తట్టేదాన్ని."

డ్రయ్యర్ ఆగి గంట కొట్టింది.
నేను లేవలేదు.

తల పోయింది గానీ దాని ఆకారం పోలేదు.
చుట్టూ ఎరుపు వెలిసిపోయి
అది ఉన్నంత మేర మాత్రం
కొన్నరోజు ఎరుపు.

అక్టోబర్‌లో మొదటి ఆట.
పాత టోపీల ముసలాళ్ళు పాత పేరే అరిచారు.
మిగతావాళ్ళకి ఏమని అరవాలో తోచక
ఊరికే ఓ అని అరిచారు.
సొరంగంలో అమ్మాయిలు ఆగిపోయారు.
గోలీ ఇంగ్రిడ్ వెనక్కి తిరిగి చూసింది:
ఏం తట్టాలి?
కెండ్రా, గుండె మీద ఆ చిరుగుల సి,
ముందున్న పిల్ల భుజాన్ని తట్టింది రెండుసార్లు.
ఆ పిల్ల తన ముందుదాన్ని.
సగంమంది మర్చిపోయి పాత చోటే తట్టుకున్నారు.

అదనపు సమయంలో ఓడిపోయాం, మూడు-రెండు.

కొత్త పేర్లు మూడు, వసంతంలో ఓట్లట.
ఒకటి పిట్ట, ఒకటి గాలి, ఇంకోటి గుర్తులేదు.
నేను పిట్టకే వేస్తాను.
గాలిని కుట్టడం నా వల్ల కాదు.

ఆ రాత్రి ఏడో నంబరు తిరగేశాను ఉతకడానికి.
టేపు లేదు.
గోరు మాత్రం అలవాటుగా
ఆ చోటు గీకింది,
ఒకసారి,
మళ్ళీ ఒకసారి.